ఊరేగింపు గుర్రానికి లాడాలు ఉంచాలా, తీసేయాలా?

మీరు చెప్పింది క్లుప్తంగా ఇదీ: విజయనగరంలో పెళ్లి ఊరేగింపులకు తిప్పే ఏడేళ్ల ఆడగుర్రం, బరువు సుమారు 350 కిలోలు, నాలుగు కాళ్లకూ ఇనుప లాడాలు. ఎద్దులకు లాడాలు కొట్టే ఆయన చేతే కొట్టించారు, కొట్టించి పది వారాలైంది. ముందు ఎడమకాలి లాడం ఆడుతోంది. ముహూర్తాల రోజుల్లో తారు రోడ్డు, సిమెంటు రోడ్డు. ఖాళీ రోజుల్లో ఊరి గ్రావెల్ దారి, ఎప్పుడైనా చింతపల్లి సముద్రతీరం. లాడాలు పీకేస్తేనే గిట్ట బాగుపడుతుందని ఒకరన్నారు. పీకితే నెల తిరక్కుండా కుంటుతుందని ఇంకొకరన్నారు.

ఇద్దరిలో ఎవరూ కాలెత్తి చూసినట్టు లేదు. నా మాట ముందే చెప్పేస్తాను. వెనక రెండు లాడాలూ తీసేయండి. ముందు రెండింటి సంగతి అరికాలి మందం చూశాక తేల్చాలి. అయితే ఆడుతున్న ఆ ఎడమ లాడాన్ని మాత్రం ఈ వారమే తీయించండి. సగం ఊడిన లాడం పక్కకు జరిగితే దాని మేకు మీదే గుర్రం కాలేస్తుంది, లేదా లాడం ఊడిపోతూ గిట్ట పెంకును చీల్చుకుపోతుంది.

మన ప్రాంతంలో ఈ నిర్ణయం చాలావరకు ఒక్క విషయం మీద నిలబడుతుంది: ఐదారు వారాలకోసారి వచ్చి గుర్రం గిట్ట పని తెలిసి చేసే మనిషి మీకు దొరుకుతాడా, లేదా. దొరికితే లాడం మంచిదే. దొరకకపోతే, పది వారాలు మోసిన లాడం కన్నా ఒట్టి గిట్ట వెయ్యి రెట్లు నయం. ఎందుకో లెక్క చూడండి. గిట్ట పెంకు నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఒట్టి గిట్ట నేల మీద రాసుకుని ఆ పెరుగుదలలో కొంతైనా అరగదీసుకుంటుంది. లాడం ఉన్న గిట్ట దాదాపు అరగదు. పది వారాల్లో ముందు అంచు దాదాపు రెండు సెంటీమీటర్లు పెరిగి ముందుకు సాగుతుంది, దాంతోపాటే లాడమూ ముందుకు జరుగుతుంది. లాడం వెనక కొసలు మడమ అంచు వదిలేసి లోపలి అరికాలి మీద కూర్చుంటాయి. అక్కడే కమిలి ఎర్రబడుతుంది. అడుగు తీసేటప్పుడు పొడవైన ముందు అంచు మీటలా పనిచేసి కాలి వెనక స్నాయువులను లాగుతుంది. ఇదంతా లాడం తప్పు కాదు, గడువు దాటిన లాడం తప్పు.

ఎద్దుకి కొట్టే ఆయన పనితనాన్ని తక్కువ చెయ్యను. ఎద్దు గిట్ట పెంకు గుర్రానిదానికన్నా పలచన, దానికి మేకు దిగ్గొట్టడమే కష్టం. కానీ ఆ పని వేరు. ఎద్దుది చీలిన గిట్ట, చీలికకో రేకు చొప్పున కాలికి రెండు. పడగొట్టి, కాళ్లు కట్టి కొడతారు. గుర్రాన్ని అలా పడగొట్టకూడదు, నిలబెట్టే కొట్టాలి. పైగా గుర్రం గిట్ట ఒకటే ముక్క. బరువు పడ్డప్పుడు దాని మడమ వైపు కాస్త విచ్చుకుంటుంది, కాలు లేపగానే ముడుచుకుంటుంది. ఆ కదలికకు అడ్డం రాకుండా మేకులన్నీ గిట్ట బాగా వెడల్పుగా ఉన్న చోటుకి ముందే పడాలి. వెనక్కి కొడితే మడమ బిగుసుకుపోయి, ఏడాది తిరిగేసరికి ఇరుకైపోతుంది. మీరు పంపిన వివరాల ప్రకారం కాలికి ఎనిమిది మేకులు, చివరి జత మడమ దగ్గర. 350 కిలోల గుర్రానికి ఆరు చాలు.

ఇప్పుడు కాలెత్తి చూడండి. అడుగు భాగాన్ని బ్రష్‌తో శుభ్రం చేసి, పొడిగా ఉన్నప్పుడే చూడాలి. నడుమ ‘వి’ ఆకారంలో మెత్తగా ఉండేదాన్ని ఫ్రాగ్ అంటారు. దాని మొనకు ముందున్న అరికాలిని రెండు బొటనవేళ్లతో గట్టిగా నొక్కండి. లోపలికి దిగితే అరికాలు పలచన, ఇక అనుమానం అక్కర్లేదు. దిగకపోతే ఫ్రాగ్ పక్కనున్న గాడి లోతు కొలవండి. గిట్ట అడుగున స్కేలు అడ్డంగా పెట్టి, మొన దగ్గర గాడిలోకి అగ్గిపుల్ల దించి, స్కేలు నుంచి గాడి అడుగుదాకా ఎంతుందో చూడాలి. లాడం ఉంటే దాని మందం తీసేసి లెక్కేసుకోండి. 15 మిల్లీమీటర్లు పైబడి ఉంటే ఫరవాలేదు. 10 కన్నా తక్కువైతే ఆ కాలు ప్రస్తుతానికి ఒట్టిగా తారు రోడ్డెక్కకూడదు.

ఆ తర్వాత పెంకుకీ అరికాలికీ మధ్య తెల్ల గీత. అది సన్నగా బిగువుగా ఉండాలి. వెడల్పై, నల్లటి మట్టి, ఇసుక దూరి ఉంటే పెంకు ఎముక నుంచి వదులవుతోందన్నమాట. అలాంటి పెంకుకి మేకు నిలవదు. పాత మేకు రంధ్రాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి అంచు పొరలుగా ఊడుతున్నా అంతే. ఇలాంటి గిట్టకు మళ్లీ లాడం కొట్టడం పుచ్చు దూలానికి మేకు దిగ్గొట్టినట్టే, ఇష్టం ఉన్నా లేకపోయినా మూడు నాలుగు నెలలు విడిచిపెట్టాలి.

చివరిగా నడక. చదునైన సిమెంటు రోడ్డు మీద గుర్రాన్ని పట్టుకుని నడిపించి, ఫోన్‌లో పక్క నుంచి స్లో మోషన్‌లో వీడియో తీయండి. మడమ ముందు ఆనాలి, లేదా అడుగంతా ఒక్కసారి ఆనాలి. ముందు అంచు ఆనుతుంటే మడమ వైపు నొప్పి ఉంది, ఫ్రాగ్ కుళ్లి ఉండొచ్చు. దాన్ని నయం చేయకుండా, ఆడుతున్న ఆ ఎడమ లాడం తప్ప, లాడాలు తీయడం గానీ, కొట్టడం గానీ వద్దు. ఫ్రాగ్ కుళ్లితే వాసనే చెబుతుంది, గాడిలో నల్లటి జిగురు ఉంటుంది. కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పల్చన చేసిన పోవిడోన్ అయొడిన్ రోజుకోసారి పూయండి. మైలుతుత్తం కూడా పనిచేస్తుంది గానీ పొడి చల్లకండి, పచ్చి కండ తగిలితే కాలుతుంది. వాజలైన్‌లో కొద్దిగా కలిపి, దూదితో గాడిలో కూరితే చాలు. కాల్చిన ఇంజిన్ ఆయిల్ గిట్టలకు పూసే అలవాటుంటే ఈరోజుతో ఆపండి.

ఇక వెనక లాడాలు ఎందుకు తీయమన్నానంటే, నిలబడ్డ గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్లే మోస్తాయి, వెనక గిట్టలకు ఒత్తిడి తక్కువ, అవి తొందరగా అలవాటు పడతాయి. రెండో కారణం అంతకన్నా ముఖ్యం. మీ ఊళ్లో మూడు లాంతర్ల కూడలిలోనో గంటస్తంభం దగ్గరో డీజే, బాణసంచా, చుట్టూ పిల్లలు. ఎంత నెమ్మది గుర్రమైనా ఒక్కసారి వెనక్కి తన్నొచ్చు. ఒట్టి గిట్టతో తన్నితే కమిలే చోట ఇనప లాడంతో తన్నితే ఎముక విరుగుతుంది.

జారడం గురించి కూడా లెక్కేసుకోండి. నున్నటి ఇనుము తడి సిమెంటు మీద, అరిగి నునుపెక్కిన తారు మీద, కల్యాణ మండపం గుమ్మంలోని టైల్స్ మీద జారుతుంది. ఒట్టి గిట్ట అక్కడ బాగా పట్టు ఇస్తుంది. ఒట్టి గిట్టకు అసలు శత్రువు కొత్తగా మెటల్ పోసి రోలర్ తిప్పని రోడ్డు, అంటే నల్లరాతి కంకర. ఎర్ర గ్రావెల్ దారి మాత్రం మంచిదే, నెమ్మదిగా అరికాలిని గట్టిపరుస్తుంది. సముద్రపు ఇసుక మీద లాడం అవసరమే లేదు. కాకపోతే తీరం నుంచి వచ్చాక మంచినీళ్లతో కడిగి, తెల్ల గీతలో ఇసుక లేకుండా చూసుకోవాలి. పాడేరు, అనంతగిరి వైపు కొండ ఊళ్లకు సరుకులు మోసే పొట్టి గుర్రాలను చూపించి, వాటికి లేనిది మన గుర్రానికెందుకు అనేవాళ్లుంటారు. ఆ గుర్రాలు పుట్టినప్పటి నుంచీ రోజూ రాళ్ల మీదే తిరుగుతాయి. పాకలో కట్టేసి వారానికి మూడు సాయంత్రాలు తిప్పే గుర్రాన్ని వాటితో పోల్చకూడదు.

ఎప్పుడు తీయాలన్నది పంచాంగం చూసి తేల్చండి, ఇది హాస్యం కాదు. ముహూర్తాలు లేని రోజులే మీకు దొరికే విశ్రాంతి. ఆషాఢం, భాద్రపదం ఖాళీయే గానీ అప్పుడు వానలు. నానిన గిట్ట మెత్తబడి ఉంటుంది, రాయి తగిలితే ఇట్టే కమిలిపోతుంది. అక్టోబరు, నవంబరు తుపానుల సంగతి తెలిసిందే. అన్నింటికన్నా మంచిది నెలగంట పెట్టిన దగ్గర్నుంచి పుష్యం వెళ్లేదాకా. వాతావరణం పొడి, ఎండ తక్కువ, పెళ్లిళ్లు ఉండవు. సుమారు ఆరు వారాలు. మధ్యలో గురు మూఢమో శుక్ర మూఢమో కలిసొస్తే ఇంకా మంచిది. ఆరు వారాల్లో వెనక కాళ్లు మాఘం పెళ్లిళ్లకు సిద్ధమవుతాయి. ముందు కాళ్లకు మాత్రం ఆ గడువు చాలదు. కొత్త పెంకు పైనుంచి కిందికి పూర్తిగా దిగడానికి ముందు అంచున 9 నుంచి 12 నెలలు పడుతుంది.

తీసే విధానం. ముందుగా పెంకు బయట మడిచిన మేకు మొనలను ఆకురాయితో అరగదీయాలి, లేదా ఉలితో విప్పాలి. ఇది చేయకుండా లాగితే మడత పెంకును చింపుకుని వస్తుంది. తర్వాత పటకారుతో మడమ కొస నుంచి ఎత్తి, అటు కొంత ఇటు కొంత, గిట్ట నడిమి వైపు వంచుతూ ముందుకు రావాలి. బయటికి మెలితిప్పకూడదు. పెంకు బలహీనంగా ఉంటే మేకులు ఒక్కొక్కటే లాగడం మేలు. తీసిన మేకులు లెక్కపెట్టి డబ్బాలో వేయండి, పాకలో ఒక్కటి మిగిలినా మళ్లీ కాల్లోకే దిగుతుంది.

తీశాక కత్తి పక్కన పెట్టండి. అరికాలిని చెక్కి తెల్లగా నున్నగా చేయడం చూడ్డానికి బాగుంటుంది, గుర్రానికి మాత్రం అది చెప్పుల్లేని కాలికి చర్మం ఒలిచినట్టే. ఫ్రాగ్‌లో వేలాడే తునకలు తప్ప ఏమీ కోయొద్దు. పెంకును అరికాలి కన్నా 2, 3 మిల్లీమీటర్లు ఎత్తుండేలా ఆకురాయితో సమం చేసి, బయటి అంచును ఏటవాలుగా, గుండ్రంగా అరగదీయాలి. పెంకు మందంలో బయటి సగం దాకా వాలు రావాలి. పదునుగా వదిలేసిన అంచే రాయి తగిలి పెచ్చులూడుతుంది. "లాడం తీయగానే గిట్ట ముక్కలైపోయింది" అని వినే మాటల్లో సగం ఈ వాలు తీయకపోవడం వల్లే. ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి కొద్దికొద్దిగా అరగదీస్తుండాలి. ఈ పని నేర్చుకుంటే ఇంట్లోనే చేసుకోవచ్చు, అదే మన ప్రాంతంలో ఒట్టి గిట్టకున్న పెద్ద లాభం.

మొదటి వారం పాకలో, మెత్తటి నేల మీద మాత్రమే. రెండో వారం నుంచి చదునైన సిమెంటు రోడ్డు మీద మనిషి ఎక్కకుండా, పగ్గం పట్టుకుని 10 నిమిషాలు. మూడు నాలుగు రోజులకోసారి 5 నిమిషాలు పెంచండి. కంకర మీద చూసుకుని అడుగేస్తే భయపడక్కర్లేదు. చదునైన రోడ్డు మీద కూడా చిన్న అడుగులేస్తే పెంచడం ఆపి వెనక్కి రండి. గిట్ట పై కీలు వెనక, రెండు పక్కలా వేలితో తాకితే నాడి తెలుస్తుంది. మామూలుగా అది దొరకడమే కష్టం. గట్టిగా కొట్టుకుంటూ గిట్ట వేడిగా ఉంటే లోపల వాపుంది. ఒక్క కాలికే అలా ఉంటే చీము పట్టిందేమో చూడాలి. రెండు ముందుకాళ్లకూ ఉండి, గుర్రం బరువంతా వెనక్కి వేసి నిలబడుతుంటే అది లామినైటిస్, అంటే పెంకును ఎముకకు పట్టి ఉంచే లోపలి పొరల వాపు; ఆ పూటే డాక్టరు రావాలి, నడిపించనే కూడదు. గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది కాబట్టి మీకు మరీ దూరం కాదు.

ముందు కాళ్లకు అరికాలు పలచగా తేలితే లాడాలు ఉంచండి, సరిగ్గా కొట్టించండి. కొట్టే ఆయన పక్కనే నిలబడి ఇవి చూడాలి. గుర్రం మేకులే వాడాలి. వడ్రంగి మేకులు పనికిరావు. గుర్రం మేకు మొన ఒక పక్క వాలుగా ఉంటుంది, దానివల్ల అది లోపలికి పోకుండా బయటికి వంగుతుంది. మామూలు మేకు తిన్నగా కండలోకి పోతుంది. తల మీద గుర్తున్న పక్క లోపలికి ఉండాలి. మేకు తెల్ల గీత దగ్గర మొదలై, దానికి బయటి వైపుగా పెంకులోంచి సాగి, లాడం పైన సుమారు 18 మిల్లీమీటర్ల ఎత్తులో బయటికి రావాలి. చెవి కూడా పెట్టండి. గట్టి పెంకులో దిగే మేకు ఖంగుమంటుంది. ఉన్నట్టుండి శబ్దం మందగించి, దెబ్బకు సులువుగా దిగిపోతుంటే మెత్తటి చోటికి పోతున్నట్టే, వెంటనే లాగేయమనండి. గుర్రం కాలు గుంజుకున్నా అంతే. లాగాక రక్తం కనిపిస్తే ఆ రంధ్రంలో మళ్లీ మేకు వద్దు, అయొడిన్ పోసి డాక్టరుకి చెప్పండి.

లాడం గిట్టకు తగ్గట్టు వంచాలి, చిన్న లాడం దొరికిందని గిట్టను చుట్టూ అరగదీయకూడదు. అది చెప్పు పట్టడం లేదని కాలు కోసుకోవడమే. వెనక కొసలు మడమ అంచుకి మూడు నాలుగు మిల్లీమీటర్లు వెనక్కి, పక్కలకు రెండు మిల్లీమీటర్లు బయటికి ఉండాలి, మడమ విచ్చుకునే చోటు అదే. పక్క నుంచి చూస్తే గిట్ట ముందు వాలు, దాని పైనున్న ఎముక వాలు ఒకే గీతలో కలవాలి. కొట్టిన తేదీ పాక గోడ మీద బొగ్గుతో రాయండి. ఆరు వారాలు దాటితే లాడం అరగకపోయినా సరే తీయించి, గిట్ట అరగదీయించి, పనికొస్తే అదే లాడం మళ్లీ కొట్టించండి.

ఈ రెండింటికీ నడిమి దారి రబ్బరు బూట్లు. ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. ఊరేగింపు రెండు మూడు గంటలే కాబట్టి ఒట్టి గిట్టలకు అప్పటికప్పుడు తొడిగి, ఇంటికొచ్చాక విప్పేయొచ్చు. గిట్ట అరగదీసిన రోజే వెడల్పు, పొడవు మిల్లీమీటర్లలో కొలవాలి. మూడు వారాల తర్వాత కొలిస్తే వదులు బూటు వస్తుంది. మొదటిసారి పెళ్లిలోనే తొడగొద్దు. పది రోజుల ముందు నుంచి రోజూ అరగంట అలవాటు చేసి, మడమ ఉబ్బుల దగ్గర ఒరుసుకుపోయిందేమో చూసుకోండి. రాత్రంతా ఉంచితే లోపల చెమటకు ఫ్రాగ్ కుళ్లుతుంది. పెళ్లివారు టకటక చప్పుడు లేదంటారు, అనుకోనివ్వండి, బ్యాండు మోతలో ఆ చప్పుడు ఎవరికి వినపడుతుంది.

మేత మాటెత్తకుండా గిట్ట గురించి చెప్పలేం. వరిగడ్డి, తవుడు, ఉలవలు పెడుతున్నానన్నారు. తవుడులో భాస్వరం కాల్షియం కన్నా పది రెట్లకు పైగా ఉంటుంది. గుర్రానికి కాల్షియమే ఎక్కువ కావాలి, కనీసం సమానమైనా ఉండాలి. ఆ కొరతను శరీరం ఎముకల్లోంచి తీసుకుంటుంది, ముదిరితే దవడ, ముఖం ఎముకలు ఉబ్బుతాయి. తవుడు పూర్తిగా మానలేకపోతే కిలో తవుడుకి 40 నుంచి 50 గ్రాముల దాణా రకం సున్నపురాయి పొడి కలపండి. వరిగడ్డిలో కొంత తగ్గించి చోడిగడ్డి, బూజు లేని వేరుశనగ తీగ ఇవ్వొచ్చు, రెండూ మన దగ్గర దొరికేవే. గిట్ట కోసం బయోటిన్ ఇస్తే 350 కిలోలకు రోజుకి 15 మిల్లీగ్రాములు, అదీ తొమ్మిది నెలలు మానకుండా. ఇప్పటికే ఉన్న పెంకును అది బాగుచేయదు, కొత్తగా దిగేదాన్నే గట్టిపరుస్తుంది. పెళ్లింట్లో ముద్దుకి తినిపించే లడ్డూలు, బెల్లం, అన్నం మాత్రం గట్టిగా అడ్డుకోండి. లామినైటిస్‌కి అదో దగ్గరి దారి.

లాడం ఉంచినా తీసినా ధనుర్వాతం టీకా ఏడాదికోసారి తప్పదు. ఆ జబ్బు గుర్రానికి పట్టినంత సులువుగా మరే పశువుకీ పట్టదు, మేకు రంధ్రమంత గాయం చాలు. ఎడమ లాడం తీయించే రోజుకి ఆ ఇంజెక్షన్ ఎప్పుడు వేశారో చూసుకోండి. గుర్తు లేకపోతే వేయలేదనే లెక్క, ముందు అది వేయించాకే పటకారు పట్టుకోమనండి.